పాత ఇల్లు, కొత్త రోడ్డు: హైదరాబాద్‌లో పునరభివృద్ధి, వారసత్వ కట్టడాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాతబస్తీ గోడల మీద రోడ్డు వెడల్పు గుర్తులు పడిన ప్రతిసారీ, మెట్రో మార్గం గురించి కొత్త వార్త వచ్చిన ప్రతిసారీ, అవే సందేహాలు వేర్వేరు గొంతుల్లో తిరిగి వస్తున్నాయి. అడిగేవారిలో ఇంటి యజమానులు, అద్దెదారులు, దుకాణదారులు, విద్యార్థులు ఉన్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన సమాధానాలనే ఇక్కడ దశలవారీగా కూర్చాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు. ఇది సాధారణ అవగాహన కోసమే. మీ చేతికి నోటీసు వచ్చి ఉంటే, కాగితాలతో సహా న్యాయవాదిని కలవడం తప్పనిసరి.

## మొదటి దశ: నోటీసు రాకముందు

మా ఇల్లు వందేళ్ల నాటిది. అంతమాత్రాన అది వారసత్వ కట్టడం అవుతుందా?

కాదు. చట్టం దృష్టిలో వయసు ఒక అర్హత మాత్రమే, రక్షణ కాదు. ప్రభుత్వం పేరు, స్థలం, సరిహద్దులు పేర్కొంటూ ఒక జాబితాలో చేర్చి ప్రకటించినప్పుడే ఆ కట్టడానికి చట్టబద్ధమైన రక్షణ వస్తుంది. హైదరాబాద్ విషయంలో ఇలాంటి జాబితాలు ఒకటి కాదు. చార్మినార్, గోల్కొండ కోట వంటివి కేంద్ర పురావస్తు శాఖ పరిధిలో, 1958 నాటి చట్టం కింద ఉన్నాయి. రాష్ట్ర రక్షిత కట్టడాలు రాష్ట్ర వారసత్వ శాఖ పరిధిలో, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద ఉన్నాయి. ఇవి కాక, నగర ప్రణాళిక నిబంధనల కింద గుర్తించిన దేవ్‌డీలు (నవాబుల కాలపు ఆంగణపు భవంతులు), ఆసుపత్రులు, మార్కెట్లు, చివరకు బండరాళ్లతో కూడిన మరో పాత జాబితా ఉండేది. మీ ఇల్లు ఈ మూడింటిలో ఎక్కడా లేకపోతే, అది ఎంత అందమైనదైనా చట్టం కంటికి మామూలు ఇల్లే. పాతబస్తీలో నిజంగా విలువైన ఇళ్లలో చాలా భాగం ఇలా జాబితాకెక్కనివే.

వారసత్వ జాబితాను 2015లో రద్దు చేశారంటారు. అది నిజమేనా?

నిజమే, కానీ కథ అక్కడితో ఆగలేదు. 1981 నాటి నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనలకు 1995లో పదమూడవ నిబంధన చేర్చారు. దాని కింద దాదాపు 150 కట్టడాలను, కొన్ని సహజ శిలా సముదాయాలను గుర్తించి, వాటిని కూల్చాలన్నా మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ అభిప్రాయం తీసుకోవాలని షరతు పెట్టారు. దేశంలో ముంబయి తర్వాత ఇలాంటి ఏర్పాటు చేసుకున్న తొలి నగరాల్లో మనది ఒకటి. 2015 డిసెంబరులో ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా ఆ నిబంధనను తొలగించారు. రెండేళ్ల తర్వాత కొత్త వారసత్వ చట్టం వచ్చింది.

మధ్యలో ఏర్పడిన ఖాళీలో పాత జాబితాలోని భవనాలు దిక్కులేనివయ్యాయని చాలామంది అనుకున్నారు. 2019లో ఆ ప్రశ్నే ఇర్రం మంజిల్ రూపంలో హైకోర్టుకు చేరింది. 1870 ప్రాంతంలో నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ భవనాన్ని కూల్చి, అదే చోట కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. ఆ ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. పదమూడవ నిబంధన పోయినంత మాత్రాన పాత భవనం మీద ప్రభుత్వానికి ఇష్టారాజ్యం రాదని ఆ తీర్పుతో తేలింది. అలాగని మీ భవనం పాత జాబితాలో ఉంది కాబట్టి కొత్త చట్టం కిందా ఉండే ఉంటుందని ఊహించుకోవద్దు. రెండూ ఒకే జాబితా కావు. దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి.

చార్మినార్‌కు ఎంత దూరంలో కొత్త ఇల్లు కట్టుకోవచ్చు?

కేంద్ర రక్షిత కట్టడం సరిహద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. అక్కడ కొత్త నిర్మాణానికీ, ఉన్నదానిపై అంతస్తు వేయడానికీ వీల్లేదు. ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ అనుమతితో కట్టుకోవచ్చు. దూరాన్ని మినారు అంచు నుంచి కాక, రక్షిత స్థలంగా ప్రకటించిన సరిహద్దు నుంచి కొలుస్తారని గుర్తుంచుకోవాలి. ఈ తేడా వల్లే చాలా ప్లాన్లు తిరిగి వస్తుంటాయి. 2010 సవరణ తర్వాత నిషిద్ధ ప్రాంతంలో కట్టినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మా ఇల్లు ఆ వంద మీటర్లలోనే ఉంది. పైకప్పు కారుతోంది. బాగు చేయించుకోవడానికి కూడా వీల్లేదా?

వీలుంది. నిషిద్ధ ప్రాంతంలో ఉన్నంత మాత్రాన ఇంటిని కూలిపోయేదాకా చూస్తూ కూర్చోమని చట్టం చెప్పదు. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇల్లయినా, ఆ తర్వాత పురావస్తు శాఖ ఆమోదంతో కట్టినదైనా, మరమ్మతుకూ పునరుద్ధరణకూ అధీకృత అధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన 15 రోజుల్లో దానిని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో తన నిర్ణయం తెలపాలి. ఆ నిర్ణయం అందిన నెల లోపు అధికారి మీకు జవాబివ్వాలి. కాగితం మీద గడువులు ఇవీ, ఆచరణలో కాస్త ఓపిక పట్టాలి. వానాకాలానికి ముందే బాగు చేయించుకోవాలంటే సంక్రాంతి నాటికే దరఖాస్తు పెట్టడం మంచిది. అనుమతి రాలేదని రాత్రిపూట రేకులు వేసుకుని, తర్వాత స్లాబు పోసి, చివరకు నోటీసు అందుకునే దారి చాలా ఇళ్లు నడిచిన దారే.

## రెండవ దశ: ప్రాజెక్టు ప్రకటన వెలువడినప్పుడు

వారసత్వం పేరుతో అభివృద్ధికి అడ్డుపడుతున్నారని అంటున్నారు. నగరం మారకుండా అలాగే ఉండిపోవాలా?

ఉండిపోవాలని ఎవరూ అనడం లేదు. అలా అంటే, ముందు చార్మినార్ దారిలోని పత్తర్‌గట్టినే కాదనాల్సి వస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలాది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఆ మండలి ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లను వెడల్పు చేసి, చార్మినార్‌కు వెళ్లే ప్రధాన వీధికి ఇరువైపులా కమాన్లతో రాతి దుకాణ సముదాయాన్ని నిలిపింది. ఈ రోజు మనం వారసత్వంగా చూపిస్తున్న పత్తర్‌గట్టి, దాని కాలంలో రోడ్డు వెడల్పు పథకమే.

కాబట్టి మార్పు జరగాలా వద్దా అన్నది నిజమైన ప్రశ్న కాదు. ఆనాటి మండలి కూల్చిన చోట ఒక వీధికి మొత్తంగా ఒకే ఎత్తు, ఒకే రాయి, ఎండావానలకు జనం నడవడానికి నీడ ఉన్న కమాను వరుస ఇచ్చింది. ఇప్పటి వెడల్పు పనుల తర్వాత చాలా వీధుల్లో మిగిలేది సగానికి కోసిన గదులు, వాటికి అంటించిన అద్దాల పలకలు, ఇనుప షట్టర్లు. ఏం తీసేస్తున్నామో, దాని చోట ఏం పెడుతున్నామో, ఆ రెండూ ఎవరు నిర్ణయిస్తున్నారో అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు. అయితే 1912లో ఖాళీ చేయించిన బస్తీల జనాన్ని కూడా ఎవరూ అడగలేదన్నది ఈ కథలో మనం తరచుగా దాటేసే మాట.

పాతబస్తీకి మెట్రో రావడం మంచిదా, చెడ్డదా?

రావాలి. పాతబస్తీ వారికి మంచి రవాణా వద్దనే హక్కు, సొంత కారులో వచ్చి చార్మినార్‌కు ఫొటోలు తీసుకుని పోయేవారికి లేదు. మొదటి ప్రణాళికలోనే ఫలక్‌నుమా వరకు ఉండాల్సిన మార్గం 2020 ఫిబ్రవరిలో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల పొడిగింపుకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఈ దారి దారుషిఫా, పురానీ హవేలీ, ఎతేబార్ చౌక్, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్ మీదుగా ఫలక్‌నుమాకు వెళ్తుంది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం పేర్లు స్టేషన్లకు పెట్టినా, మార్గం వాటికి దాదాపు అర కిలోమీటరు దూరంలో ఉంటుందని అధికారులు చెబుతూ వచ్చారు.

వివాదం ఆ రెండు కట్టడాల గురించి మాత్రమే అయి ఉంటే ఈ జవాబు చాలు. కానీ ఈ దారి ఇరుకు వీధుల మీదుగా వెళ్తుంది. రోడ్డును వెడల్పు చేయాలి, అందుకోసం దాదాపు 1,100 ఆస్తులను పూర్తిగానో కొంతగానో తీసుకోవాల్సి వస్తుందని లెక్క వేశారు. మసీదులు, ఆషూర్‌ఖానాలు (మొహర్రం సంతాప మందిరాలు), గుడులు, దర్గాలు దెబ్బతినకుండా స్తంభాల స్థానాలు సర్దుబాటు చేస్తామన్నారు. ఆ హామీ పరిధిలోకి రానివి పేరులేని పాత ఇళ్లు, దేవ్‌డీల ప్రహరీలు, కమాను ద్వారాలు. నా అభిప్రాయంలో పాతబస్తీ స్వభావం చార్మినార్‌లో ఎంత ఉందో, ఈ పేరులేని వాటి వరుసలోనూ అంతే ఉంది.

భూగర్భ మార్గం వేస్తే ఈ గొడవే ఉండదు కదా?

కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. కోల్‌కతాలో 2019 ఆగస్టు 31న బౌబజార్ కింద సొరంగం తవ్వుతున్న యంత్రం భూగర్భ జలపొరను తాకింది. నీరు, మట్టి సొరంగంలోకి దూసుకురావడంతో పైనున్న పాత ఇళ్లు కుంగి, కొన్ని కూలిపోయాయి. వందలాది మందిని ఇళ్ల నుంచి తరలించాల్సి వచ్చింది. హైదరాబాద్ నేల కింద గట్టి రాయి ఎక్కువ కాబట్టి ఇక్కడి ప్రమాదం వేరు. రాయిని తొలిచేటప్పుడు వచ్చే ప్రకంపనలే ఇక్కడ ప్రధాన సమస్య. ఖర్చు కూడా పైమార్గం కంటే చాలా ఎక్కువ. మీ వీధి విషయంలో అడగాల్సింది నేల పరీక్షల నివేదిక, పాత కట్టడాలపై ప్రకంపనల అంచనా. పైనా కిందా అన్న వాదన ఆ రెండూ చేతికొచ్చాక చేయడం నయం.

అభ్యంతరం ఎప్పుడు చెప్పాలి? నోటీసు వచ్చాక సరిపోతుందా?

అప్పటికి సగం పని అయిపోయి ఉంటుంది. రోడ్డు వెడల్పు ఎంతో మాస్టర్ ప్లాన్ ముసాయిదాలోనే రాస్తారు. దానిపై అభ్యంతరాలకు పెట్టిన గడువు చాలామందికి తెలియకుండానే ముగుస్తుంది. ఏళ్ల తర్వాత కొలతల టేపుతో వచ్చిన ఉద్యోగి ఎప్పుడో ఆమోదం పొందిన గీతనే అమలు చేస్తుంటాడు. ఆయనతో తగువు పడి లాభం లేదు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం వెళ్తే, ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. కలెక్టరు మిమ్మల్ని విచారించాల్సి ఉంటుంది. అంతకుముందు జరగాల్సిన సామాజిక ప్రభావ అంచనా నుంచి కొన్ని మౌలిక వసతుల ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చే వీలును తెలంగాణ సవరణ కల్పించింది కాబట్టి, మీ ప్రాజెక్టుకు ఆ అంచనా జరిగిందో లేదో సమాచార హక్కు చట్టం కింద అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. అభ్యంతరంలో 'మా ఇల్లు చాలా పాతది' అని రాస్తే చాలదు. కట్టిన కాలం, వాడిన సామగ్రి, ప్రత్యేకతలు, ఫొటోలు, అదే రోడ్డును మరోవైపు వెడల్పు చేయడానికి ఉన్న అవకాశం, ఇవన్నీ ఉన్న అభ్యంతరమే ఫైలులో నిలుస్తుంది, రేపు కోర్టులోనూ పనికొస్తుంది.

వారసత్వ ప్రభావ అంచనా అంటే ఏమిటి?

ఒక ప్రాజెక్టు వల్ల చారిత్రక కట్టడానికీ, దాని పరిసరాలకూ, అది కనిపించే తీరుకూ ఎలాంటి మార్పు వస్తుందో ముందుగా నిపుణులతో రాయించే నివేదిక. పని మొదలయ్యాక తయారు చేసిన నివేదికకు విలువ లేదు.

## మూడవ దశ: నోటీసు, నష్టపరిహారం

రోడ్డు వెడల్పులో మా ఇంటి ముందు భాగం మాత్రమే పోతుందన్నారు. వెనక భాగం ఉంటుందిగా?

కాంక్రీటు స్తంభాల ఇల్లయితే ముందు గది తీసేసినా మిగతాది నిలబడవచ్చు. సున్నంతో కట్టిన పాత ఇల్లు అలా కాదు. అక్కడ బరువు మోసేది గోడలే. ముందు గోడ, దానిపై దూలాలు, వాటిపై కప్పు, వెనక గోడ ఒకదాన్నొకటి ఆనుకుని నిలుస్తాయి. కమాను ఉంటే దాని తోపుడును పక్క గోడ ఆపుతుంది. ఆ పక్క గోడను కోస్తే కమాను రేపో మాపో తెరుచుకుంటుంది. కోసిన మూడు నాలుగు వానాకాలాల తర్వాత మిగిలిన భాగానికి 'ప్రమాదకర భవనం' నోటీసు రావడం పాతబస్తీలో కొత్త విషయం కాదు.

చాలామందికి తెలియని హక్కు ఒకటి ఉంది. 2013 చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం ఇంటిలో కొంత భాగాన్నే సేకరిస్తున్నప్పుడు, మొత్తం ఇంటినీ తీసుకోవాలని యజమాని కోరవచ్చు. కాబట్టి కోత గీత పడగానే నిర్మాణ ఇంజినీరుతో మిగిలే భాగం నిలుస్తుందో లేదో రాయించుకోండి. నిలవదని తేలితే, అవార్డు (పరిహారం తేల్చే కలెక్టరు ఉత్తర్వు) వెలువడేలోపే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపండి.

నష్టపరిహారం గజం లెక్కన ఇస్తున్నారు. టేకు తలుపులు, గచ్చు పని, దివాన్‌ఖానా కప్పు, వీటికి విలువ లేదా?

గజం ధర నేలది. కట్టడానికి విడిగా విలువ కట్టాలి, చట్టంలో ఆ ఏర్పాటు ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, విలువ కట్టే లెక్క పాత కట్టడానికి వయసు పేరుతో తరుగు వేస్తుంది. నూట ఇరవై ఏళ్ల ఇల్లు ఆ లెక్కలో దాదాపు శూన్యం. మీరు చేయగలిగింది, ప్రత్యేక పనితనానికి అనుభవజ్ఞుల చేత విడిగా విలువ కట్టించమని రాతపూర్వకంగా కోరడం. అలా నిపుణుల సాయం తీసుకునే వెసులుబాటు కలెక్టరుకు ఉంది. నిర్ణయించిన మొత్తం మీద నూరు శాతం సొలేషియం, అంటే బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు మొత్తం, కలుస్తుంది.

మెట్రో పొడిగింపులో గజానికి 81,000 రూపాయల చొప్పున ధర ప్రకటించి, ఒప్పుకున్నవారికి చెక్కులు ఇచ్చారు. ఒప్పందం మీద సంతకం పెట్టాక మళ్లీ ఎక్కువ అడగడం కష్టం. ఒప్పందం లేకుండా అవార్డు వెలువడితే, డబ్బును 'నిరసనతో తీసుకుంటున్నాను' అని రాసి తీసుకోండి. అలా రాయనివారికి పెంపు కోరుతూ, తమ కేసును భూసేకరణ వివాదాలు తేల్చే ప్రాధికార సంస్థకు నివేదించమని కలెక్టరును అడిగే హక్కు ఉండదు. అవార్డు సమయంలో హాజరైనవారు ఆరు వారాల్లో ఆ దరఖాస్తు పెట్టుకోవాలి. కలప, తలుపులు, రాతి దిమ్మెలు ఎవరికి చెందుతాయో కూల్చేముందే కాగితం మీద తేల్చుకోండి. తర్వాత వాటి ఆచూకీ దొరకదు.

మేము అద్దెకుంటున్నాం. మూడు తరాలుగా ఇక్కడే దుకాణం. పరిహారం యజమానికేనా?

భూమి విలువ యజమానికే. కానీ సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ, అదే ప్రధాన జీవనాధారంగా ఉన్న అద్దెదారులు, చేతివృత్తులవారు కూడా చట్టంలోని 'ప్రభావిత కుటుంబం' నిర్వచనంలోకి వస్తారు. పునరావాస ప్రయోజనాలు కోరడానికి వారికి ఆధారం ఇదే. నిరూపించుకోవడమే కష్టం. పగిడీ (ముందే పెద్ద మొత్తం ఇచ్చి తక్కువ కిరాయికి ఉండే పద్ధతి) కింద నడిచే దుకాణాల్లో రసీదులు ఉండవు. విద్యుత్ బిల్లులు, ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ నమోదు, బ్యాంకు ఖాతా చిరునామా, పాత ఫొటోలు, ఏది దొరికితే అది పోగు చేసుకోండి. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు సరుకుకు వచ్చింది గానీ, ఆ గాజులు చేసే గదికి రాలేదు. కొలిమి పెట్టుకుని లక్క కరిగించే గది పోతే, ఊరి చివర ఇచ్చే ఫ్లాటులో ఆ పని సాగదు.

డబ్బుకు బదులు టీడీఆర్ తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?

టీడీఆర్ అంటే మీరు వదులుకున్న స్థలానికి బదులుగా మరోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం. హైదరాబాద్‌లో రోడ్డు కోసం ఇచ్చిన స్థలానికి 400 శాతం వరకు ఇచ్చే విధానం ఉంది. మీకు కట్టుకునే స్థలం లేకపోతే దాన్ని బిల్డరుకు అమ్ముకోవాలి. ధర మార్కెట్‌ను బట్టి మారుతుంది, పత్రాలు ఎక్కువ విడుదలైనప్పుడు పడిపోతుంది. తొందరగా నగదు కావలసిన కుటుంబానికి ఇది సరిపడదు.

వారసత్వ కట్టడాల విషయంలో టీడీఆర్‌కు మరో ఉపయోగం ఉంది. అహ్మదాబాద్‌లో పోళ్లు అనే పాత ఇరుకు వాడల్లోని చెక్క ఇళ్ల యజమానులు ఇంటిని నిలబెట్టుకున్నందుకు అలాంటి హక్కు పొంది, అమ్మి, ఆ డబ్బుతో బాగు చేయించుకునే ఏర్పాటు ఉంది. కూల్చినందుకు కాక నిలిపినందుకు ప్రతిఫలం ఇవ్వడం అందులోని సారం. ఇక్కడ ఆ మార్గాన్ని మనం ఇంకా సరిగా వాడుకోలేదు.

మా ఇంటికి 'శిథిలావస్థ' నోటీసు అంటించారు. ఇక కూల్చాల్సిందేనా?

నోటీసు చదవండి. నగరపాలక సంస్థ చట్టంలోని 456వ సెక్షన్ కింద వచ్చే నోటీసు కూల్చివేత ఒక్కటే కోరదు. ప్రమాదం లేకుండా మరమ్మతు చేయించమనడానికీ, భద్రపరచమనడానికీ కూడా అదే సెక్షన్. కాబట్టి ఖాళీ చేయాల్సి వస్తే ఖాళీ చేయండి, గోడకు ఆనుడు కర్రలు పెట్టించండి, మరమ్మతు ప్రణాళికతో జవాబివ్వండి. పరీక్ష ఎవరు చేశారో చూడటం చాలా ముఖ్యం. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్‌తో సున్నపు గోడను కొట్టి బలహీనమని రాసిన నివేదికకు విలువ లేదు. సున్నపు కట్టడం తెలిసిన ఇంజినీరుతో మరో నివేదిక రాయించండి.

ఉస్మానియా ఆసుపత్రి దీనికి పెద్ద ఉదాహరణ. వరద తర్వాతి పునర్నిర్మాణంలో భాగంగా, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో లేచిన ఆ భవనాన్ని కూల్చాలని 2015 నుంచి ప్రతిపాదనలు నడిచాయి. 2020 జులైలో వాన నీరు వార్డుల్లోకి రావడంతో పాత భవనాన్ని ఖాళీ చేయించారు. రోగులకు కొత్త ఆసుపత్రి కావాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. పాత భవనం ఉన్నచోటే అది రావాలన్న పట్టుదల వల్లే ఏళ్లు గడిచాయి. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగాక ఆ ముడి వీడింది. ఖాళీ భవనాన్ని బాగు చేసి ఏదో ఒక వాడుకలో పెట్టడం ఇక మిగిలిన పని. వాడుక లేని కట్టడం ఎంత రక్షణ ఉన్నా పాడవుతుంది.

## నాలుగవ దశ: యంత్రాలు వచ్చాక

రాత్రికి రాత్రి పక్క దేవ్‌డీని కూల్చేస్తున్నారు. మేమేం చేయగలం?

మొదట తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు, వీడియో తీయండి. కూల్చివేత ఉత్తర్వు చూపమని అడగండి. నగరపాలక సంస్థకు, రాష్ట్ర వారసత్వ శాఖకు ఈమెయిల్ పంపండి, ఫోన్ మాట సాక్ష్యం కాదు. ఆ భవనం ఏదైనా జాబితాలో ఉంటే న్యాయవాది ద్వారా హైకోర్టులో అదే రోజు విచారించమని కోరే లంచ్ మోషన్, సెలవు రోజైతే న్యాయమూర్తి ఇంటివద్దే విచారించమనే హౌస్ మోషన్ వేయించవచ్చు. యజమానికి నోటీసు ఇవ్వకుండా అధికారులే కూలుస్తుంటే, 15 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి అని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలను ఎత్తిచూపండి. రోడ్డు వంటి బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలకు అవి వర్తించవు.

యజమానే కూల్చుకుంటూ ఉంటే, ఆ భవనం ఏ జాబితాలోనూ లేకపోతే, చట్టపరంగా మీ చేతిలో దాదాపు ఏమీ లేదు. ఆయనతో మాట్లాడి, కనీసం కొలతలు, ఫొటోలు తీసుకోనివ్వమని అడగండి. 2020 జులైలో పాత సచివాలయంతో పాటు, ఆరవ నిజాం కాలంలో 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్ కూడా పోయింది. ఒకసారి కూలాక కోర్టు చేయగలిగేది చాలా తక్కువ.

ఎదురుగా పిల్లర్ పునాది తవ్వుతున్నారు. మా గోడలు బీటలు వారుతున్నాయి. ఎవరిని అడగాలి?

బీటలు పనికి ముందే ఉన్నాయని గుత్తేదారు అంటాడు. అందుకే పని మొదలవడానికి ముందే ప్రతి గది గోడలనూ వీడియో తీసి, ప్రాజెక్టు అధికారుల సమక్షంలో స్థితి నివేదిక రాయించమని కోరాలి. ఆ అవకాశం దాటిపోతే, బీట మీద అడ్డంగా పలచని గాజు పట్టీని జిగురుతో అతికించి తేదీ రాయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. ఖర్చు తక్కువ, సాక్ష్యం గట్టిది. ఆ ఫొటోలతో ప్రాజెక్టు కార్యాలయానికి రాసి, ప్రకంపనలు కొలిచే పరికరం పెట్టమని అడగండి.

ముఖభాగం అలాగే ఉంచి వెనక అయిదు అంతస్తులు కడతామని బిల్డరు అంటున్నాడు. ఇది సంరక్షణేనా?

సంరక్షణ కాదు. అయినా మొత్తం పోవడం కంటే కొంత నయమేనని, వీధి రూపం నిలవడం ముఖ్యమైన చోట నేను ఒప్పుకుంటాను. లోపలి ఆంగణం, దాని చుట్టూ ఉన్న వరండా, బావి, ఇవే దేవ్‌డీకి ప్రాణం. అవి పోయాక మిగిలేది సినిమా సెట్టు. ముంబయి భేండీ బజార్‌లో ఇంకో దారి పట్టారు. అక్కడ 16.5 ఎకరాల్లోని దాదాపు 250 పాత భవనాలను తీసేసి టవర్లు కట్టే పథకం నడుస్తోంది. ఇరుకు గదుల్లో, ఉమ్మడి మరుగుదొడ్లతో బతికిన కుటుంబాలకు సొంత ఇల్లు రావడం చిన్న విషయం కాదు. వీధి మాత్రం మరో వీధి అయింది.

## అయిదవ దశ: ఇల్లు నిలిచాక

పాత గోడకు సిమెంటు పూత వేయిస్తే గట్టిగా ఉంటుంది కదా?

ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మంచి ఉద్దేశం. పాత గోడ ఇటుకనో రాయినో డంగు సున్నంతో కట్టినది. అది వానాకాలంలో తేమ పీల్చి, ఎండాకాలంలో వదిలేస్తుంది. పైన సిమెంటు పూత వేస్తే ఆ తేమ బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. గోడలోని లవణాలు పేరుకుని, కొన్నేళ్లకు పూత పెచ్చులుగా ఊడుతుంది. ఊడేటప్పుడు దానితో పాటు ఇటుక ముఖాన్నీ పట్టుకుపోతుంది. 'పాత గోడ కదా, కారుతోంది' అని మళ్లీ సిమెంటే పూస్తారు.

సున్నాన్ని తగినన్ని రోజులు నానబెట్టి, ఇసుకతో గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం నానిన నీటితో కలిపి పూయడం ఇక్కడి పాత పద్ధతి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, కానీ లేకపోలేదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పదేళ్లకు పైగా సాగిన పునరుద్ధరణలో ఎందరో ఆ పనిలో చేయి తిరిగారు. కూలి సిమెంటు పని కంటే ఎక్కువ, ఆరడానికి రోజులు ఎక్కువ. పైకప్పు నీరు పోయే గొట్టాలు, గోడలో మొలిచిన రావి మొక్క, ఈ రెండింటినీ ఏటా చూసుకుంటే పెద్ద మరమ్మతు చాలా ఏళ్లు వాయిదా పడుతుంది.

ఇంత ఖర్చు మేమెందుకు పెట్టుకోవాలి? ప్రభుత్వం ఇవ్వదా?

న్యాయమైన కోపమే. ఊరందరి కోసం ఇల్లు కాపాడమని చెప్పి, ఖర్చు మాత్రం ఒక్క కుటుంబం మీద వేయడం మన విధానాల్లోని పెద్ద లోపం. కంపెనీల సామాజిక బాధ్యత నిధులను వారసత్వ కట్టడాలకు ఖర్చు చేసే వీలు చట్టంలో ఉన్నా, అవి చార్మినార్ వంటి పేరున్న వాటికే వెళ్తాయి. నివాస గృహాలకు దాదాపుగా రావు. ఆచరణలో నడిచే మార్గం ఇంట్లో కొంత భాగానికి ఆదాయం వచ్చే వాడుక కల్పించడం. చౌమహల్లా ప్యాలెస్ టికెట్టు పెట్టి నడుస్తోంది. మొజంజాహీ మార్కెట్ బాగు చేశాక కూడా మార్కెట్టుగానే ఉంది.

యునెస్కో గుర్తింపు వస్తే ఇక భయం లేదు కదా?

గుర్తింపు దానంతట అది ఒక్క గోడను కూడా ఆపదు, ఆపేది స్థానిక చట్టమే. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ 2010 నుంచి తాత్కాలిక జాబితాలోనే, అంటే గుర్తింపు కోసం వేచి ఉన్న వాటి వరుసలోనే, ఉన్నాయి. గుర్తింపు వచ్చిన వాటికి కూడా అది శాశ్వతం కాదు. కొత్త వంతెన కారణంగా డ్రెస్డెన్ లోయ 2009లో, రేవు ప్రాంతపు కొత్త నిర్మాణాల కారణంగా లివర్‌పూల్ 2021లో జాబితా నుంచి పోయాయి.

మా అన్నదమ్ముల్లో ఇద్దరు బిల్డరుకు ఇచ్చేద్దామంటున్నారు. నేనొక్కణ్నే వద్దంటున్నాను. ఏం చేయాలి?

నా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో రోడ్డు వెడల్పు కంటే ఇదే ఎక్కువ. పాతబస్తీ ఇళ్లను మెట్రో కంటే, ప్రభుత్వం కంటే, తేలని వాటాలే ఎక్కువగా కూల్చాయి. పదకొండు మంది వారసుల పేర్లున్న ఇంటికి ఎవరూ మరమ్మతు చేయించరు, ఎందుకంటే ఎవరు ఖర్చు పెట్టినా అది మిగిలిన పది మందికీ లాభం. కప్పు కూలాక మాత్రం అందరూ ఒకే మాట మీదికి వస్తారు. మీ అన్నదమ్ముల్లో వద్దనేవారి కంటే, డబ్బు అవసరం ఉన్నవారి మాటే ముందు వినండి. ఎవరికి ఎంత, ఎప్పటికి కావాలో తెలిస్తే, ఒకరి వాటాను మరొకరు కొనుక్కోవడమా, ముందు గదులను కిరాయికిచ్చి వాటా పంచడమా అన్నది మాట్లాడుకోవచ్చు. ఏది తేలినా రిజిస్టర్డ్ పంపకం చేయించుకోండి. డెవలప్‌మెంట్ ఒప్పందం మీద ఒక్కరు సంతకం పెట్టినా తర్వాత వ్యవహారం ఏళ్లతరబడి కోర్టులో నలుగుతుంది.

ఈలోగా ఇంటికి కొలతల చిత్రాలు గీయించండి. వాస్తుశిల్ప విద్యార్థులకు అది చదువులో భాగమే, అడిగితే ఒక కళాశాల బృందం వారం రోజుల్లో పైకప్పు నుంచి తలుపు గడియ దాకా కొలిచి ఇవ్వగలదు. అమ్మినా, నిలిపినా, కోర్టుకెళ్లినా ఆ చిత్రాలు పనికొస్తాయి.